తాగకుండానే మానేసిన తెరిసమ్మ

పెదబయలు నుంచి అరకు వైపు వచ్చే దారిలో నేరేడుపుట్టు అనే ఊరుంది. వారానికోసారి అక్కడ సంత జరుగుతుంది. ఆ సంతలో తెరిసమ్మ టిఫిన్ హోటల్ తెలియనివాళ్లు లేరు. హోటల్ అంటే పైన నాలుగు రేకులు, కింద రెండు బల్లలు, ఒక పొయ్యి. ఇడ్లీ మెత్తగానే ఉండేది, అల్లప్పచ్చడి ఘాటుగానే ఉండేది. కానీ ఆ హోటల్‌కి పేరొచ్చింది వాటి వల్ల కాదు. తాగి వచ్చినవాడికి తెరిసమ్మ ఇడ్లీ పెట్టదు.

"కల్లు కుండ కాడ కూకున్నావు కాదా, ఆ కుండలోనే ఇడ్లీ ఉడకబెట్టమను," అనేది.

కొండ మీంచి పసుపో పిప్పళ్లో మోసుకొచ్చి అమ్ముకున్న మగవాడు ముందు జీలుగు కల్లు దగ్గరికి, తర్వాతే తిండి దగ్గరికి వెళ్లడం ఆ సంతలో ఆనవాయితీ. అంటే ఆకలి మీదున్న బేరాల్లో సగం తెరిసమ్మ తనంతట తనే తరిమేసేది. ఆమె భర్త మార్కు నెమ్మదైన మనిషి. చర్చిలో డోలు వాయించేటప్పుడు తప్ప ఆయన చప్పుడు ఎవరూ విని ఎరగరు. ఆయన కూడా ఒకసారి ఉండబట్టలేక, "సంతరోజు తాగనోళ్ల కోసమే హోటల్ పెట్టినాం. ఇంక గుడ్డోళ్లకి అద్దాలు కూడా అమ్ముదాం," అన్నాడు.

సారా వ్యతిరేక కమిటీకి కూడా తెరిసమ్మే పెద్ద. ఒక ఏడు ఆడవాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లి, ఊళ్లో సారా కుండలన్నీ పగలగొట్టించింది. దాంతో మగవాళ్లు పక్క ఊరికెళ్లి తాగడం మొదలెట్టారు. అంతకు ముందు తాగి బేగి ఇంటికొచ్చేవాళ్లు, అప్పట్నుంచి తాగి ఆలస్యంగా రాసాగారు. కమిటీ ఆడవాళ్లు ఆ సంగతి తెరిసమ్మకి చెప్పుకున్నారు. ఆమె తగ్గలేదు. తాగుడంటే అంత పగ ఎందుకని ఎవరైనా అడిగితే, "తాగినోడి మాట అర్థం కావాలంటే నాను కూడా తాగాలి. నాకంత ఓపిక లేదు," అనేది.

అలాంటి తెరిసమ్మకి యాభై ఏళ్లు దాటాక రవికెలు బిగుతవడం మొదలైంది. రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ ఎవరో నవారు బిగించి కట్టినట్టు ఉండేది. దర్జీని తిట్టి కుట్లు వదులు చేయించింది. అయినా బిగుతు పోలేదు. మళ్లీ తిట్టింది. ఆ తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి. నేల మీద నడుస్తుంటే దూది మీద నడిచినట్టుండేది. కాలికున్న చెప్పు ఎక్కడో జారిపోయేది, పది అడుగులు వేశాక గానీ తెలిసేది కాదు. మొహం కడుక్కోవడానికి కళ్లు మూసుకుంటే ఒళ్లు ఒక పక్కకి ఒరిగేది. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుండగా తెరిసమ్మ ఊగింది, ముందున్న బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. ప్రార్థనలో కళ్లు మూసుకోనివాళ్లు ఏ చర్చిలోనైనా ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్లు చూశారు.

తర్వాత సంతలో, పట్టపగలు, సాంబారు గిన్నెతో సహా పడింది.

ఊరికి ఇంతకన్నా మంచి సినిమా ఏ టీవీలోనూ దొరకదు. ఇడ్లీ దక్కనివాళ్లు ఎన్నాళ్లుగానో లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది. "పగలు మనకి సువార్త, సందేల తనకి సారా," అన్నారు. సాయంత్రాలు హోటల్ కట్టేసి మెట్ట ఎక్కుతూ ఇంటికెళ్లేటప్పుడు ఆమె కాళ్లు పుల్లల్లా బిగుసుకుని ఒకదానికొకటి తగులుకునేవి. చీకటి పడితే మరీ తూలేది. గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు.

ఆమె తరఫున మాట్లాడినవాడు ఒక్కడే. భీముడు. ఊళ్లో అందరికన్నా ఎక్కువ తాగేవాడు, అందరికన్నా ఎక్కువసార్లు ఆ హోటల్ నుంచి గెంటించుకున్నవాడు. కల్లు కుండ దగ్గర కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడి చెప్పాడు.

"నాను సెప్తన్నాను, ఇనండి. అప్ప తాగలేదు. తాగినోడి కాలు మెత్తగా పడతాది. అప్ప కాలు కర్రలాగ పడతాంది. తాగుడు సంగతి నాకు తెలీదేటి?"

అతను మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. అయితే విన్నవాళ్లు మరోలా లెక్కగట్టారు. తెరిసమ్మ కాలు ఎలా పడుతుందో భీముడికి ఇంత వివరంగా ఎలా తెలుసు? ఇద్దరూ కలిసే తాగుతూ ఉండాలి. ఆ సాయంత్రానికల్లా భీముడి సాక్ష్యం తెరిసమ్మ మీదే కేసయి కూర్చుంది. భీముడి పెళ్లాం అసిరమ్మ చీపురు పట్టుకుని మొగుణ్ణి ఊరు చుట్టూ తరిమింది.

ఇవన్నీ తెరిసమ్మ చెవిన పడుతూనే ఉన్నాయి. ఊరు అన్నదానికి ఆమె ఏడవలేదు. ఒకరోజు సందెవేళ ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంటే మార్కు దగ్గరికొచ్చాడు. తలలో ఏదో ఆకు ఉందని వంగి తీయబోయాడు. ఆకేమీ లేదు. ఆయన ముక్కు ఆమె నోటి దగ్గర ఒక్క క్షణం ఆగింది. తెరిసమ్మ ఊపిరి బిగపట్టలేదు, గట్టిగా వదిలింది. మార్కు లేచి బయటికెళ్లిపోయాడు. ఆ రోజు ఏడ్చింది.

కొండ దిగి మైదానంలో ఒక పట్నానికెళ్లి ఎముకల డాక్టరుకి చూపించుకున్నారు. కాళ్లలో తిమ్మిరి, నడకలో తేడా అనగానే ఆయన నడుము కింది భాగానికి స్కాన్ తీయించాడు. ఆ వయసులో ఎవరికి తీసినా కనిపించేదే ఆమెకీ కనిపించింది. ఒక డిస్క్ కాస్త జారిందన్నాడు, మాత్రలు రాశాడు, నడుముకి బెల్టు ఇచ్చాడు. అసలు జబ్బు ఆ ఫొటో అంచుకి జానెడు పైన ఉంది. అంత పైకి ఎవరూ చూడలేదు.

బెల్టు పెట్టుకున్నా నడక బాగుపడలేదు. పైగా ఆ బెల్టులో సీసా దాస్తోందని ఊళ్లో కొత్తమాట పుట్టింది.

చివరికి విషయం చర్చి ఫాదర్ దాకా వెళ్లింది. ఫాదర్ లాజరస్ మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు. అందుకే ఆయన ఏది చెప్పినా ఎక్కువ నొప్పి పెట్టేది.

"తెరిసమ్మా, దేవుడు క్షమిస్తాడు," అన్నాడు.

"దేనికి ఫాదర్?"

"అది నువ్వే చెప్పాలమ్మా."

విశాఖలో తాగుడు మాన్పించే కేంద్రం ఒకటుందని, అక్కడ తనకు తెలిసిన డాక్టరమ్మ ఉందని, తనే తీసుకెళతానని చెప్పాడు. మార్కు తల వంచుకున్నాడు. తెరిసమ్మ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"వత్తాను," అంది. "ఆ డాక్టరమ్మ సేత పరీచ్చ సేయించండి. తాగలేదనీసి ఆవిడ నోటితోనే సెప్పించండి. అప్పుడు మీ ఇద్దరితో నాను మాటాడతాను."

ఆ కేంద్రంలో డాక్టర్ జయశ్రీ చాలామంది తాగుబోతులను చూసిన మనిషి. రోజుకి ఎంత తాగుతారని అడిగింది. చుక్క కూడా లేదంది తెరిసమ్మ. డాక్టరు తలాడించి రాసుకుంది. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లూ చెప్పే మాటే అది.

"ఒకసారి ఆ తలుపు దాకా నడిచి రండమ్మా."

తెరిసమ్మ నడిచింది. డాక్టరు రాయడం ఆపింది. మళ్లీ నడవమంది. మంచం మీద పడుకోబెట్టి మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది. కాలు గుర్రం తన్నినట్టు ఎగిరింది. అరికాలి మీద గీసింది. కాలి బొటనవేలు కిందికి ముడుచుకోవాల్సింది, పైకి లేచింది. చల్లటి ఇనుప ముక్క ఒకటి తెచ్చి కాలి నుంచి పైకి ఆనిస్తూ, చల్లగా ఎక్కడ తెలుస్తుందో చెప్పమంది. తొడ దాటింది, పొట్ట దాటింది. రొమ్ముల కిందికి వచ్చాక, "ఇదిగో, ఇక్కడ నుంచి సల్లగా ఉన్నాది," అంది తెరిసమ్మ. దర్జీ ఎన్నిసార్లు కుట్లు విప్పినా బిగుతు పోని చోటు అదే.

డాక్టరు ఫాదర్‌నీ మార్కునీ లోపలికి పిలిచింది.

"ఈవిడకి తాగుడు లేదు ఫాదర్. ఏళ్ల తరబడి తాగి కాళ్లు పాడైతే, సుత్తితో కొట్టినా కాలు కదలదు. ఈవిడకి మరీ ఎక్కువగా ఎగురుతోంది. ఇది వేరే జబ్బు."

తెరిసమ్మ లేచి కూర్చుంది. "కాస్త గట్టిగా సెప్పండమ్మా. ఫాదర్ గారికి ఒక సెవి సరిగా ఇనపడదు."

ఫాదర్‌కి రెండు చెవులూ బాగానే వినపడతాయి. ఆయన కాదనలేదు.

"వీపు మధ్యలో వెన్నుపాముని ఏదో నొక్కుతోంది," అంది డాక్టరు.

"పామేటమ్మా?" అన్నాడు మార్కు.

వెన్నెముక లోపల నిలువునా తాడులా ఉండే పెద్ద నరాన్ని అలా అంటారని, మెదడు చెప్పిన మాట కాళ్లకి చేరేది దాని గుండానేనని ఆవిడ బొమ్మ గీసి వివరించింది. ఈసారి స్కాన్ సరైన చోట తీశారు. వెన్నుపాము చుట్టూ ఉండే పొర నుంచి పుట్టిన గడ్డ ఒకటి కనిపించింది. పెద్ద చింతపిక్కంత. వెన్నుపాము దాని పక్కన రిబ్బనులా నలిగిపోయి ఉంది.

ఆపరేషన్ చేయాల్సింది ఫణీంద్ర అనే న్యూరోసర్జన్. ఆయన మాటల్లో తీపి తక్కువ, స్పష్టత ఎక్కువ.

"చూడ్డానికి ఇది క్యాన్సర్ గడ్డలా లేదు. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగే రకం. ఒంట్లో ఇంకోచోట ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఉన్న చోటే చెడ్డది. వదిలేస్తే ఇంకొన్నాళ్లకి మంచం పడతారు, మూత్రం మీద అదుపు పోతుంది."

"తీస్తే?" అంది తెరిసమ్మ.

"చాలామంది బాగా కోలుకుంటారు. కొందరికి పాత తిమ్మిరి కొంత మిగిలిపోతుంది. కాళ్లు పూర్తిగా పడిపోయే ప్రమాదం కొద్దిగా ఉంది. లేదని చెప్పను."

మార్కు అడిగాడు. "ఎలాగ తీత్తారు బాబూ? పట్టుకుని లాగీడమేనా?"

"లాగకూడదు. లాగితే నలిగి ఉన్న వెన్నుపాము ఇంకా దెబ్బతింటుంది. వీపు వైపు ఎముక పలక కాస్త తీసి, పొర తెరిచి, మైక్రోస్కోపులో చూసుకుంటూ ముందు గడ్డని లోపల్నుంచి తొలుస్తాం. బోలుగా అయ్యాక పైతోలు దానంతట అదే లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు మెల్లగా ఒలుస్తాం."

పనసతొనలు ఒలిచిన చేతులు గనక మార్కుకి అది బాగానే అర్థమయింది. తెరిసమ్మకి అర్థమయింది వేరే సంగతి. ఊరు తనని నమ్మి ఉంటే, అయ్యో పాపమని జాలిపడి ఉంటే, ఆ నడుము బెల్టు బిగించుకుని నేరేడుపుట్టులోనే మంచం పట్టి ఉండేది. తాగుబోతని ముద్ర వేశారు కాబట్టి ఇక్కడిదాకా వచ్చింది. ఎవరికి దండం పెట్టాలో, ఎవరిని తిట్టాలో ఆమెకి తేలలేదు.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం మార్కు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ రోజు నీ తలలో ఆకేటీ లేదు," అన్నాడు.

"తెలుసు."

"వాసన సూసినాను."

"తెలుసు మావా. ఏటి వాసన వచ్చినాది?"

మార్కు ఆలోచించాడు. "అల్లప్పచ్చడి."

తెరిసమ్మకి నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకల చుట్టూ నవారు బిగుసుకుంది. అయినా నవ్వింది. నవ్వుతూనే ఆయన చెయ్యి పట్టుకుని, "రేపు కాళ్లు పోనాయనుకో. హోటల్ నువ్వే నడపాలి. తాగినోడికి మాత్రం ఇడ్లీ ఎట్టకు," అంది. మార్కు ఒట్టేశాడు.

ఆపరేషన్ పొద్దున మొదలై మధ్యాహ్నం దాటాక ముగిసింది. ఆమెని బోర్లా పడుకోబెట్టి, కాళ్లకి తీగలు తగిలించి, వెన్నుపాములో సంకేతాలు సరిగా పోతున్నాయో లేదో అడుగడుగునా చూసుకుంటూ చేశారు. గడ్డ పుట్టిన చోట పొరని కాల్చి, మిగతాది లోపలి నీరు బయటికి కారకుండా కుట్టేశారు. బయట ఫాదర్ జపమాల తిప్పుతున్నాడు. మార్కు వేళ్లు బెంచీ మీద డోలు దరువు వేస్తున్నాయి. ఆపమని ఎవరూ అనలేదు.

మెలకువ వచ్చాక ఫణీంద్ర ఆమె పాదాల దగ్గర నిలబడి వేళ్లు కదపమన్నాడు. కదిపింది. కదులుతున్నాయని ఆమెకి తెలియలేదు, మార్కు మొహం చూసి తెలుసుకుంది. తీసిన ముక్కని పరీక్షకి పంపితే, క్యాన్సర్ కాదని ఖాయం చేశారు.

నడక మాత్రం ఒక్కసారిగా రాలేదు. మొదట్లో దుప్పటి కింద కాళ్లు వాటంతటవే ఎగిరిపడేవి. లేచి నిలబడితే వణికేవి. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ముందు రెండు కడ్డీల మధ్య, తర్వాత వాకర్‌తో, ఆ తర్వాత మార్కు భుజం ఆసరాతో నడిపించింది. ఒకరోజు ఉన్నట్టుండి చెప్పు జారింది, జారినట్టు కాలికి తెలిసింది. తెరిసమ్మ అక్కడే ఆగి ఆ చెప్పుని మళ్లీ తొడుక్కుని, మళ్లీ విడిచి, మళ్లీ తొడుక్కుంది.

ఇంటికొచ్చే ముందు ఫాదర్ ఆమె దగ్గరికొచ్చాడు. ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నాడు.

"దేవుడు క్షమిస్తాడు ఫాదర్," అంది తెరిసమ్మ.

నేరేడుపుట్టులో జీపు దిగి, కర్ర కూడా లేకుండా, నిటారుగా నడిచి ఇంటికెళ్లింది. గుమ్మాల్లోంచి ఊరంతా చూసింది. తూలకుండా నడిస్తే నింద పోతుందని ఆమె అనుకుంది. కానీ ఊరికి తెలిసింది రెండే సంగతులు. తెరిసమ్మ తూలుతూ తాగుడు మాన్పించే చోటికి వెళ్లింది. తూలకుండా తిరిగొచ్చింది.

"మానీసినాది," అన్నారు. ఎగతాళి కాదు, నిజమైన గౌరవంతో అన్నారు.

తెరిసమ్మ వీపు మీద మచ్చ చూపించింది. దాంతో ఇంకో చిక్కొచ్చింది. తాగుడు మాన్పించడానికి వీపు కోసి, వెన్నులో ఉన్న పాముని బయటికి తీస్తారని కథ పుట్టింది. కల్లు అడిగేది ఆ పామేనట. మార్కు ఇల్లిల్లూ తిరిగి అది పాము కాదని, నరమని చెప్పాడు. ఆయన గొంతు ఎప్పటిలాగే ఎవరికీ వినపడలేదు. ఫాదర్ కూడా చెప్పాడు, ఎవరినీ నొప్పించని మనిషి గనక అలా అంటున్నాడనుకున్నారు.

కొన్నాళ్లకి మత్తు మీద అవగాహన సభ అని దేవీప్రసాద్ అనే ఆఫీసరొకాయన వచ్చాడు. ఊరివాళ్లు చెప్పింది విని, తెరిసమ్మని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. వ్యసనాన్ని జయించిన ధీరవనిత అన్నాడు. తెరిసమ్మ మైకు లాక్కుంది.

"నాను జన్మలో తాగలేదు," అంది.

జనం అంతా నవ్వి చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి భీముడు, "నానూ ఇంటికాడ అదే మాట సెప్పీవోణ్ణప్పా," అన్నాడు. ఆఫీసరు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఆ మర్నాడు ఆమె స్కాన్ ఫొటోలు బయటికి తీసింది. వాటిని హోటల్లో వెలుతురు పడేచోట వేలాడదీసి, వచ్చిన ప్రతివాడికీ గడ్డ చూపించి, ఈ గోల తేల్చేయాలని నిశ్చయించుకుంది. మేకులు కొడుతుండగా అసిరమ్మ వచ్చింది.

"వొదినా, ఏటి సేత్తన్నావు?"

చెప్పింది తెరిసమ్మ. అసిరమ్మ ఆ ఫొటోల వైపు చూడలేదు.

"నువ్వు తాగలేదనీసి నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. ఆ రోజు సీపురట్టుకున్నది నీ మీద కోపంతో కాదు, ఆడి మీద కోపంతో."

"మరి ఊళ్లో ఒక్క మాట అనలేదేటే?"

"అంటే ఎవలు ఇంతారు? సూడు వొదినా. మావోడు తాగి పదిరోజులు పైనే అయినాది. తెరిసమ్మప్ప మానగా లేనిది నాను మానలేనేటి అంటన్నాడు. మానకపోతే ఈపు కోసి పాముని తీత్తారనీసి బయం కూడా ఉన్నాది అనుకో. ఆడే కాదు, ఇంకా ఇద్దరు ముగ్గురు కుండ కాడికి ఎల్లడం లేదు. నువ్విప్పుడు ఆ బొమ్మలు ఏలాడదీస్తే ఏటవుతాది? తాగనోళ్ల మాట ఆళ్లెప్పుడైనా ఇన్నారా?"

తెరిసమ్మ సుత్తి పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్నేళ్లు గొంతు చించుకున్నా, కుండలు పగలగొట్టినా, ఇడ్లీ పెట్టకుండా కడుపు మాడ్చినా ఒక్కడూ మానలేదు. తను చేయని పాపం ఒకటి మానేసినందుకు నలుగురు మానేశారు. ఆమె సుత్తి తిరగేసి పట్టుకుంది. తర్వాత మేకులు పీకేసింది. అందులో రెండు వంగిపోయాయి. ఫొటోలు చుట్టి, ఏడాదికోసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు కావాలి కాబట్టి, మార్కు చేతికిచ్చి పెట్టెలో పెట్టమంది.

"మరి నీ పేరో?" అన్నాడు మార్కు.

"నా పేరుకేటి. కాళ్లున్నాయి కాదా."

ఆ మాట తేలిగ్గా అన్నా, ఆ వారమంతా ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. గిన్నెలు గట్టిగా పెట్టింది.

సంతరోజు వచ్చింది. పొద్దు కాస్త ఎక్కాక భీముడు వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. కళ్లు పీక్కుపోయాయి. తెరిసమ్మ అలవాటుగా దగ్గరికెళ్లి వాసన చూసింది. ఏమీ రాలేదు. నాలుగు ఇడ్లీలు పెట్టింది. భీముడు తుంచిన ముక్క చేతిలో వణుకుతోంది, నోటి దాకా వెళ్లడం లేదు.

"అప్పా."

"ఏటి?"

"మానీసిన కొత్తల్లో నీకూ ఇలగే ఒణుకు వచ్చీదా?"

తెరిసమ్మ చట్నీ గరిటె గిన్నెలో పెట్టింది. పొయ్యి దగ్గర మార్కు చెయ్యి ఆగింది.

"వచ్చీది," అంది. "కాళ్లు వాటంతటవే ఎగిరీవి. పడుకుంటే మరీను."

"తగ్గినాదా?"

"తగ్గినాది. ఒకేసారి కాదు. రోజూ కొంచెం నడిసేదాన్ని. మీ బావ పట్టుకునీవోడు."

భీముడు ఆలోచించాడు. "నన్నెవలు పట్టుకుంతారు?"

"అసిరమ్మ లేదేటి?"

"అది పట్టుకోదప్పా. కొడతాది."

"అదీ పని సేత్తాది. ముందు డాక్టరు కాడికి ఎల్లి సూపించుకో, ఒణుక్కి మందిత్తారు. పాములు గీములు తియ్యరులే," అంది తెరిసమ్మ, ఇంకో గరిటె అల్లప్పచ్చడి వేస్తూ. "తిను. సల్లారిపోతంది."